రోడ్డెక్కక ముందు ఒక తేదీ

బ్రిటన్ దేశములో మోటారు కారును ఒంటరిగా నడుపుకొను హక్కు కోరువారు మొట్టమొదట ఒక తేదీ సంపాదించుకొనవలెను. అది చక్రము పట్టి నైపుణ్యము చూపుటకు తేదీ కాదు. ఒక గదిలో కూర్చుండి ప్రశ్నలకు జవాబులు చెప్పుటకు తేదీ. ఆ పరీక్షను అక్కడ థియరీ టెస్టు అందురు. అభ్యాసకుడు తన తాత్కాలిక లైసెన్సు సంఖ్యను తెలిపి, 23 పౌండ్ల రుసుము చెల్లించి, తనకు దగ్గర ఉన్న పట్టణములో ఖాళీగా ఉన్న దినములలో ఒక దినమును, ఒక గంటను ఎన్నుకొనును. ఆ పరీక్షలో నెగ్గిన తరువాతనే రోడ్డు మీది పరీక్షకు మరియొక తేదీ కోరుకొనుటకు అతనికి అర్హత కలుగును.

ఇది దూరదేశపు ముచ్చట, మనకేమి అని అనుకొనుటకు వీలు లేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల నుండి ఉద్యోగములకును చదువులకును పోయి లండను, మాంచెస్టరు, బర్మింగుహాము వంటి నగరములలో కాపురమున్న తెలుగువారు నేడు పెక్కుమంది ఉన్నారు. మన దేశపు లైసెన్సుతో వారు అక్కడ నివాసము ఏర్పరచుకొన్న నాటి నుండి 12 మాసములు మాత్రమే కారు నడుపవచ్చును. ఇక్కడ పదేండ్లు కారు నడిపిన చేయి అయినను, ఆ గడువు దాటిన పిమ్మట ఎల్ అక్షరము తగిలించుకొని, ప్రక్కన లైసెన్సు గలవారిని కూర్చుండబెట్టుకొని, అక్కడి పదునేడేండ్ల పిల్లలతోపాటు అదే వరుసలో నిలువవలసినదే.

కారు నడుపుట చేతికి, కాలికి, కంటికి సంబంధించిన విద్య గదా! దానికి గదిలో ప్రశ్నలు ఎందుకు? ఆ గదిలోనికి పోవుటకు ముందుగా తేదీ ఎందుకు? ఆ వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఎవరు నిర్ణయింపవలెను? ఈ ప్రశ్నలకు జవాబులు నూట ముప్పది ఏండ్ల చరిత్రలో ఉన్నవి. ఆ చరిత్రను చూచినచో, లైసెన్సు పరీక్ష అనునది నైపుణ్యమును కొలుచు కొలబద్ద మాత్రమే కాదనియు, ప్రభుత్వమునకును పౌరునకును నడుమ జరిగిన ఒక ఒడంబడిక అనియు తెలియగలదు.

మొదట బండిని చూచి భయపడిన కాలము ఒకటి ఉన్నది. 1865లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసినది. రోడ్డు మీద తమంతట తాము నడచు ఆవిరి బండ్లు పల్లె ప్రాంతములో గంటకు 4 మైళ్ళు, పట్టణములో గంటకు 2 మైళ్ళు మించి పోరాదు. బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడువవలెను. 1878లో జెండా నిబంధన సడలినది. మనిషి ముందు నడచుట మాత్రము 1896 వరకు తప్పలేదు. అనగా బండిని నడుపువానికి ఏమి తెలియునో ఆ చట్టము అడుగలేదు. బండిని మనిషి నడకకు కట్టివేసినది, అంతే.

1896 ఆగస్టు 17వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ ప్రదర్శనకై తిప్పుచున్న మోటారు కారు క్రింద పడి మరణించినది. బ్రిటన్‌లో పెట్రోలు కారు వలన చనిపోయిన మొదటి పాదచారిగా చరిత్ర ఆమె పేరును నిలుపుకొన్నది. ఆ యేడే నవంబరు 14వ తేదీన కొత్త చట్టము అమలులోనికి వచ్చి, ముందు నడచు మనిషిని తొలగించి, వేగమును గంటకు 14 మైళ్ళ వరకు అనుమతించినది. బండికి స్వేచ్ఛ వచ్చినది. దానిని నడుపువాడు ఎవడు, అతనికి ఏమి తెలియును అన్న విచారణ మాత్రము ఇంకను రాలేదు.

ఆ విచారణ సముద్రమునకు ఆవలి ఒడ్డున అప్పటికే ఆరంభమైనది. 1893 ఆగస్టు 14వ తేదీన పారిస్ నగర పోలీసు శాఖ ఒక శాసనము చేసి, ఆ నగరములో యంత్రపు బండి నడుపువారు యోగ్యతాపత్రము పొందవలెనని నియమించినది. ప్రపంచములో మోటారు నడుపువారికి పరీక్ష పెట్టిన మొదటి నగరము పారిస్ అని చెప్పుట వాడుక. బ్రిటన్ ఆ మాటను చెవిని పెట్టుటకు మరి నలువది ఏండ్లు పట్టినది.

1903 నాటి మోటారు కారు చట్టము బ్రిటన్‌లో లైసెన్సును ప్రవేశపెట్టినది. 1904 జనవరి 1వ తేదీ నుండి కారు నడుపువారందరు స్థానిక కౌన్సిలు కచేరికి పోయి, 5 షిల్లింగులు చెల్లించి లైసెన్సు తీసుకొనవలెను. కారునకు వయస్సు 17 సంవత్సరములు, మోటారు సైకిలునకు 14 సంవత్సరములు ఉండవలెను. గంటకు 20 మైళ్ళు గరిష్ఠ వేగము. అంతే. పరీక్ష లేదు, ప్రశ్న లేదు, తేదీ లేదు. బండిని ఆపుట ఎట్లో తెలియనివాడు కూడ డబ్బు చెల్లించి లైసెన్సు జేబులో వేసికొని రావచ్చును. ఆ లైసెన్సు నడుపువానిని గుర్తుపట్టుటకు పనికివచ్చినదే గాని, అతని యోగ్యతను గూర్చి ఏమియు చెప్పలేదు.

ఈ స్థితి ముప్పది ఏండ్లు సాగినది. 1930లో వచ్చిన రోడ్డు ట్రాఫిక్ చట్టము ఒక వింత కార్యము చేసినది. కార్లకు వేగ పరిమితిని పూర్తిగా ఎత్తివేసినది. లైసెన్సు కోరువారు తమ శరీర దార్ఢ్యమును గూర్చి తామే వ్రాసి ఇచ్చిన చాలునని అన్నది. పరీక్ష అన్నది కొందరు వికలాంగులకు మాత్రమే. అయితే ఆ చట్టము వలన ఒక మేలు జరిగినది. 1931 ఏప్రిల్‌లో హైవే కోడ్ అను రోడ్డు నియమావళి మొదటిసారి అచ్చయినది. వెల ఒక పెన్నీ. రోడ్డు మీద ఎవరు ఎవరికి దారి ఇవ్వవలెను, మలుపు వద్ద చేతితో ఏ సైగ చేయవలెను మొదలగు సంగతులు సామాన్యుని భాషలో ఆ చిన్న పుస్తకములో ఉన్నవి. పాఠ్యపుస్తకము వచ్చినది గాని పరీక్ష ఇంకను రాలేదు.

పరీక్షను తెచ్చినది 1934వ సంవత్సరము. ఆ యేడు బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది చనిపోయినారు. 2,31,603 మంది గాయపడినారు. వీరిలో పెద్ద భాగము కాలినడకను పోవువారు, సైకిళ్ళ మీద పోవువారు. కారు మొగమెరుగని ఇండ్లలోనే కారు వలన చావులు కలుగుచుండెను.

పార్లమెంటులో చర్చ జరిగినది. ఆ యేడు ఏప్రిల్‌లో మూర్-బ్రబజోన్ అను సభ్యుడు వేగ పరిమితిని వ్యతిరేకించుచు చేసిన ప్రసంగము నేటికిని స్మరింపదగినది. ఏడువేల మంది చనిపోవుచున్నమాట నిజమే గాని, ఎల్లకాలము ఇట్లే ఉండదనియు, వెనుకటి రోజులలో కార్ల క్రింద పడి చచ్చిన కోళ్ళు కోకొల్లలనియు, కుక్కలు సయితము ఇప్పుడు కార్లకు దారి తొలగుట నేర్చుకొన్నవనియు, మనుష్యులును అట్లే అలవాటుపడుదురనియు ఆయన వాదించినారు. అనగా నేర్చుకొనవలసినవాడు నడుపువాడు కాదు, నడచువాడు! ఇందులో మరియొక విశేషమున్నది. బ్రిటన్‌లో విమానము నడుపుటకు రాయల్ ఏరో క్లబ్బు 1910లో ఇచ్చిన మొదటి యోగ్యతాపత్రమును పొందినది ఈ బ్రబజోన్ గారే. శూన్యాకాశములో ఎగురుటకు యోగ్యతాపత్రము ఉన్నది. జనముతో నిండిన వీధిలో కారు నడుపుటకు మాత్రము లేదు.

ఆయన వాదము నెగ్గలేదు. ఆలివర్ స్టాన్లీ రవాణా మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన ఆ బిల్లు ఆ వేసవిలోనే చట్టమైనది. జూన్ మాసములో మంత్రి పదవికి వచ్చిన లెస్లీ హోర్-బెలిషా దానిని అమలుపరచినారు. పాదచారులు రోడ్డు దాటు చోట్ల నిలిపిన పసుపుపచ్చని గోళపు దీపములకు నేటికిని ఆయన పేరే ఉన్నది. జనావాసములలో గంటకు 30 మైళ్ళ పరిమితి మరల వచ్చినది. 1934 ఏప్రిల్ 1వ తేదీన గాని, ఆ తరువాత గాని నడుపుట మొదలుపెట్టిన వారందరు పరీక్షలో నెగ్గవలెనని నిర్ణయమైనది. అంతకు ముందు నుండి నడుపుచున్నవారికి మినహాయింపు. కాబట్టి 1904లో 5 షిల్లింగులు చెల్లించినవాడు జీవితాంతము ఏ పరీక్షయు లేకుండనే నడుపుకొనుటకు చట్టము సమ్మతించినది.

ఇక్కడనే మన కథలో తేదీ ప్రవేశించినది. పరీక్ష 1935 జూన్ 1వ తేదీ నుండి నిర్బంధము. కాని ఆ దినమున తలుపు తెరచినచో ఏడాదికి పైగా పోగుపడిన అభ్యాసకులందరు ఒక్కసారిగా విరుచుకొని పడుదురని అధికారులు ముందే ఊహించినారు. అందుచేత మార్చి 13వ తేదీ నుండియే, ఇష్టమైనవారు వచ్చి పరీక్ష ఇచ్చుకొనవచ్చునని ప్రకటించినారు. ఇది మిక్కిలి తెలివైన ఏర్పాటు. పరీక్ష ఎంత ముఖ్యమో, దానికై నిలుచు వరుసను నడిపించుట అంత ముఖ్యమని వారు తొలినాడే గ్రహించినారన్నమాట.

పరీక్షా రుసుము 7 షిల్లింగుల 6 పెన్నీలు. పరీక్షా కేంద్రములు అప్పటికి లేవు. పరీక్షకుడును అభ్యాసకుడును ముందుగా అనుకొన్న చోట, అనగా ఒక ఉద్యానవనము వద్దనో, రైల్వే స్టేషను ముందరనో, కలుసుకొనెడివారు. ఒక్కొక్క పరీక్షకుడు రోజుకు తొమ్మిది మొదలు పదునారు వరకు అరగంట పరీక్షలు జరిపెడివాడు. తొలియేడు సుమారు 2,46,000 మంది దరఖాస్తు చేసికొనగా, పరీక్షకు నిలిచినవారిలో నూటికి 63 మంది నెగ్గినారు. తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరము కూడ ఆ యేడే వచ్చినది. మనవారు ఎల్ బోర్డు అనుచున్నది ఆ పలక సంతతియే.

ఫలితమేమి? 1935లో రోడ్డు మరణములు సుమారు 6,500కు తగ్గినవి. ఆ తగ్గుదలనంతటిని పరీక్ష ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు. వేగ పరిమితి, కాలిబాట దాటు గుర్తులు, అన్నియు అదే సమయమున వచ్చినవి. అయినను, మోటారు నడుపుట డబ్బు చెల్లించి కొనుక్కొను వస్తువు కాదనియు, నేర్చి నిరూపించుకొనవలసిన యోగ్యత అనియు సమాజము అంగీకరించుట ఆనాడే జరిగినది.

ఇట్టి ఏర్పాటునకు నిజమైన పరీక్ష కష్టకాలములో వచ్చును. అట్టి కష్టకాలములు మూడు వచ్చినవి.

మొదటిది రెండవ ప్రపంచ యుద్ధము. 1939 సెప్టెంబరు 2వ తేదీన పరీక్షలు నిలిపివేసినారు. పరీక్షకులను ట్రాఫిక్ విధులకును, పెట్రోలు రేషను పర్యవేక్షణకును పంపినారు. తాత్కాలిక లైసెన్సుల మీదనే జనులు బండ్లు నడిపినారు. శత్రు విమానముల భయముచేత వీధి దీపములు ఆర్పివేసిన ఆ చీకటి రోజులలో, 1941లో, 9,169 మంది రోడ్ల మీద మరణించినారు. బ్రిటన్ చరిత్రలో అంతకు మించిన సంఖ్య మరి యే యేడును లేదు. అందుకు ముఖ్య కారణము చీకటియే. పరీక్షలు మరల మొదలైనది 1946 నవంబరు 1వ తేదీన. ఏడేండ్లుగా పోగైన వరుసను ఎట్లు తీర్చవలెను? ప్రభుత్వము 1947 ఫిబ్రవరిలో ఒక దారి చూపినది. యుద్ధకాలపు తాత్కాలిక లైసెన్సు గలవారు ఒక సంవత్సరము లోపల పరీక్ష లేకుండనే దానిని పూర్తి లైసెన్సుగా మార్చుకొనవచ్చును. అనగా వరుసను కదిలించుటకు బదులు, వరుసలోని వారందరిని ద్వారము దాటించినారు.

రెండవది సూయజ్ కాలువ సంక్షోభము. 1956లో ఈజిప్టు ఆ కాలువను జాతీయము చేయుటయు, తరువాత యుద్ధము వచ్చుటయు, బ్రిటన్‌కు పెట్రోలు కొరత కలుగుటయు జరిగినవి. నవంబరు 24వ తేదీన పరీక్షలు మరల ఆగినవి. పరీక్షకులు మరల పెట్రోలు రేషను పనిలో కుదిరినారు. ఈసారి ప్రభుత్వము మరియొక సడలింపు ఇచ్చినది. ప్రక్కన లైసెన్సు గలవారు లేకున్నను అభ్యాసకులు తామే నడుపుకొనవచ్చునని అన్నది. 1957 ఏప్రిల్ 15వ తేదీన పరీక్షలు మరల ఆరంభమైనవి.

ఈ రెండు సందర్భములలోను భారము ప్రభుత్వము మీద పడినది. లాభము అభ్యాసకునికి కలిగినది. ప్రమాదము మాత్రము పాదచారి వంతైనది. మూడవ కష్టకాలమునకు వచ్చుటకు ముందు, ప్రశ్నలు రోడ్డు మీది నుండి గదిలోనికి ఎట్లు పోయినవో చూడవలెను.

1935 నుండి అరువది ఏండ్లకు పైగా రోడ్డు నియమములను గూర్చిన ప్రశ్నలు నోటితోనే అడిగెడివారు. అభ్యాసకుడు బండి నడిపి చూపిన పిమ్మట, పరీక్షకుడు హైవే కోడ్ నుండి నాలుగు ప్రశ్నలు వేసి జవాబులు వినెడివాడు. చెమట తుడుచుకొనుచు చెప్పిన ఆ జవాబులలో ఎంత జ్ఞానమున్నదో, ఎంత అదృష్టమున్నదో కనుగొనుట కష్టము. 1991లో ఐరోపా దేశముల సమాజము, సభ్యదేశములన్నిటిలో లైసెన్సు పద్ధతి ఒక్క తీరుగా ఉండవలెనని ఆదేశము చేసి, జ్ఞానమును గూర్చిన పరీక్షను అందులో చేర్చినది. దానిని అనుసరించి 1996 జులై 1వ తేదీన బ్రిటన్‌లో వేరుగా వ్రాత పరీక్ష వచ్చినది. మొదట 35 ప్రశ్నలు; 26 సరియైన జవాబులు చాలును. కొద్ది మాసములలోనే ఆ 26ను 30కి పెంచినారు.

2000 జనవరిలో కాగితము పోయి కంప్యూటరు తెర వచ్చినది. 2002 నవంబరు 14వ తేదీన మరియొక భాగము చేరినది. అది ప్రమాదమును ముందుగా పసిగట్టు శక్తిని చూచు పరీక్ష. తెర మీద వీధి కదలుచుండును. ఒక పిల్లవాడు రోడ్డు వైపు అడుగు వేయబోవును, లేదా ఒక కారు ప్రక్క సందు నుండి ముందుకు జరుగును. అది ప్రమాదముగా మారుచున్నదని గ్రహించినంతనే అభ్యాసకుడు మీట నొక్కవలెను. ఎంత త్వరగా గ్రహించిన అన్ని ఎక్కువ మార్కులు; ఒక్కొక్క ప్రమాదమునకు గరిష్ఠము అయిదు. ఊరక వరుసగా నొక్కుకొనుచు పోయినచో ఆ దృశ్యమునకు సున్న. ఇటువంటి దృశ్యములు 14; మొత్తము 75 మార్కులలో 44 రావలెను. ప్రశ్నల సంఖ్య 2007లో 50 అయినది. వానికి 57 నిమిషముల కాలములో 43 సరియైన జవాబులు ఈయవలెను. రెండు భాగములలోను ఒకే కూర్పున నెగ్గవలెను. ఇటీవలి సంవత్సరములలో ఈ పరీక్షకు కూర్చున్నవారిలో నెగ్గుచున్నవారు సగమునకు తక్కువగనే ఉన్నారు. తప్పినవారు మూడు పనిదినములు గడచిన గాని మరల కూర్చుండరాదు; రుసుము మరల చెల్లింపవలెను.

ఈ పరీక్షను చేతికి కాక మనస్సునకు పెట్టిన పరీక్ష అనవచ్చును. గేరు మార్చుట పది దినములలో రావచ్చును. ఎదుటివాడు ఏమి చేయబోవునో ఊహించుట మాత్రము ఇతరులను గూర్చి ఆలోచించు అలవాటు నుండి పుట్టును. గదిలో పరీక్ష ఎందుకన్న మొదటి ప్రశ్నకు చరిత్ర చెప్పు జవాబు ఇదియే.

అయితే ఈ పరీక్షలో నెగ్గిన పత్రమునకు రెండేండ్లే ఆయువు. ఆ లోపల రోడ్డు మీది పరీక్షలో నెగ్గనిచో థియరీ పరీక్ష మరల మొదటి నుండి. సామాన్య కాలములో ఈ నియమము న్యాయమైనదే. చదివినది మరచిపోక ముందే చేతలలో చూపవలెను గదా. కాని 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి వ్యాపించి, పరీక్షలన్నియు ఆగిపోయినవి. ఇది మూడవ కష్టకాలము. ఇంగ్లండులో థియరీ పరీక్షలు జులైలో మరల మొదలైనవి గాని, రోడ్డు పరీక్షలకు వరుస పెరుగుచునే పోయినది. ఆ వరుసలో వేచియుండగనే అనేకుల పత్రముల గడువు తీరిపోయినది.

ఈసారి ప్రభుత్వము 1947 నాటి దారిని గాని, 1956 నాటి దారిని గాని త్రొక్కలేదు. రోడ్డు భద్రతను గూర్చిన జ్ఞానము ఎప్పటికప్పుడు తాజాగా ఉండవలెనని చెప్పి, గ్రేట్ బ్రిటన్‌లో పత్రముల గడువు పొడిగించుటకు నిరాకరించినది. ఉత్తర ఐర్లాండులో మాత్రము పొడిగించినారు. చిత్రమేమనగా, అదే 2020లో కార్ల యోగ్యతను తెలుపు వార్షిక పత్రములకు ఆరు మాసముల పొడిగింపు లభించినది. ఇనుప యంత్రమునకు దొరకిన వెసులుబాటు దానిని నడుప నేర్చిన మనిషికి దొరకలేదు! ప్రభుత్వము చెప్పిన కారణము తప్పు అనలేము. పాదచారి క్షేమము దానిలో ఉన్నది. కాని తేదీ ఇయ్యలేకపోయినది ప్రభుత్వము, రుసుము మరల చెల్లించినది అభ్యాసకుడు అన్నదియు నిజమే.

వరుస పొడుగైన చోట దళారి పుట్టును. ఇది ఏ దేశములోనైనను తప్పని ధర్మము. రోడ్డు పరీక్ష తేదీలను యంత్రముల సహాయముతో క్షణములో పట్టుకొని, అసలు రుసుమునకు ఎన్నో రెట్లు కలిపి అమ్ముకొనువారు బ్రిటన్‌లో బయలుదేరినారు. థియరీ పరీక్షకును, ప్రభుత్వపు చోటు వలె కనబడు చోట్లలో 23 పౌండ్లకు పైన మరికొంత గుంజుకొనువారు ఉన్నారు. 1935లో ఉద్యానవనము వద్ద నిలుచుండిన అభ్యాసకునికి వరుసలో తన స్థానము తనదే. నేటి అభ్యాసకునికి తన ముందు ఎందరున్నారో, వారు మనుష్యులో యంత్రములో కూడ తెలియదు.

భాష సంగతియు కొంత చెప్పవలెను. థియరీ పరీక్ష ప్రశ్నలను పలు విదేశీ భాషలలో చెవికి వినిపించు సదుపాయము ఒకప్పుడు ఉండెడిది. 2014 ఏప్రిల్‌లో దానిని ఎత్తివేసినారు. రోడ్డు మీది సూచనలు ఆంగ్లములో ఉన్నప్పుడు నడుపువానికి ఆ భాష రావలెనన్నది ఒక కారణము. దుబాసీలు జవాబులు అందించుచున్నారన్న అనుమానము మరియొకటి. అక్కడికి పోవు మనవారు నియమములతోపాటు ఆ నియమములు చెప్పు ఇంగ్లీషును కూడ అలవరచుకొని పోవుట మేలు.

ఇక మన దేశపు సంగతి. మనకు మోటారు బండ్ల చట్టము మొదట 1914లోను, తరువాత 1939లోను, పిమ్మట 1988లోను వచ్చినది. ఈ చివరిది 1989 జులై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింది నియమములలో ప్రాథమిక పరీక్ష ఒకటి ఉన్నది. ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నియమములు, ప్రమాదము జరిగినప్పుడు నడుపువాని బాధ్యత, కాపలా లేని రైల్వే గేటు దాటునప్పటి జాగ్రత్త, బండిలో ఉండవలసిన పత్రములు, వీనిని గూర్చి ప్రశ్నలు అడుగుదురు. నూటికి అరువది సరియైన జవాబులు రావలెను. ఇందులో నెగ్గిన గాని అభ్యాసకుని లైసెన్సు, మనవారు వాడుకలో ఎల్.ఎల్.ఆర్. అనుచున్నది, చేతికి రాదు. అది ఆరు మాసములు చెల్లును. తీసుకొన్న ముప్పది దినముల తరువాత గాని రోడ్డు పరీక్షకు పోరాదు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదమును గమనింపవలెను. బ్రిటన్‌లో అభ్యాసకుడు తాత్కాలిక లైసెన్సు తీసుకొని, ఒక్క ప్రశ్నకైనను జవాబు చెప్పకముందే ఎల్ పలకతో రోడ్డెక్కవచ్చును. ప్రశ్నలు ఆ తరువాత. మన చట్టములో ప్రశ్నలు ముందు, చక్రము తరువాత. పైగా మన నియమము బ్రిటన్ వారి థియరీ పరీక్షకు సరిగా ఏడేండ్లు పెద్దది. కాగితము మీద చూచినచో మన పద్ధతియే ఎక్కువ జాగ్రత్త గలది. అయినను 2022లో భారతదేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించినారు. బ్రిటన్‌లో, నాలుగు కోట్లకు పైగా వాహనములు తిరుగుచున్నను, 2023లో మరణించినవారు 1,624 మంది. సీటు బెల్టు, త్రాగి నడుపువారిని పట్టు పద్ధతులు, రోడ్ల నిర్మాణము, వైద్య సదుపాయము మొదలగు కారణములు ఎన్నో ఇందులో ఉన్నవి. కాని ఒక్కటి స్పష్టము. ముందుగా ప్రశ్న అడుగుమని చట్టము చెప్పినంత మాత్రమున చాలదు; ఆ ప్రశ్నను నిజముగా అడుగవలెను, ఆ జవాబును నిజముగా వినవలెను.

నేడు ఆంధ్రప్రదేశములోను, తెలంగాణములోను రవాణా శాఖ కచేరిలో పరీక్షకు పోవువారు ఇంటినుండియే స్లాటు తీసుకొనుచున్నారు. కచేరి ముందు తెల్లవారుజాము నుండి నిలుచు శ్రమ తగ్గినది. ఇది మేలైన మార్పే. అయితే స్లాటు దొరకినంతనే పని ముగిసినదనుకొని, ఆ పరీక్షకు చదువుకొనుట మాని, ఎవరో చెప్పిన జవాబులను బట్టీపట్టి పోవువారు ఉన్నారు. పిల్లవానికి పదునెనిమిది నిండినవని ఇంటిల్లిపాది సంబరపడి బండి కొని ఇచ్చుట చూచుచున్నాము. బండితోపాటు ఆ గుర్తుల పుస్తకమును కూడ చేతికిచ్చి, తల్లిదండ్రులే కూర్చుండి నాలుగు సాయంకాలములు ప్రశ్నలు అడిగినచో, అది బండి కంటె విలువైన కానుక కాగలదు.

ఈ నూట ముప్పది ఏండ్ల కథలో తేలిన సారము ఇది. పరీక్ష అనునది బండి నడుపువాడు దారిన పోవు అపరిచితునికి ఇచ్చు మాట. నీవెవరో నాకు తెలియదు, అయినను నీ ప్రాణమునకు నేను జాగ్రత్త వహింతును అని. తేదీ అనునది ప్రభుత్వము అభ్యాసకునికి ఇచ్చు మాట. నీవు సిద్ధపడి వచ్చినచో, నీ వంతు నీకు న్యాయముగా వచ్చును అని. 1947లోను, 1956లోను రెండవ మాటను నిలుపుకొనుటకై మొదటి మాటను సడలించినారు. 2020లో మొదటి మాటను నిలుపుటకై రెండవ దానిని విడిచినారు. రెండును ఒక్కసారి నిలిచిన నాడే రోడ్డు అందరిదియు అగును. పరీక్షకుల సంఖ్యను, కేంద్రముల సంఖ్యను అవసరమునకు తగినట్లు పెంచుట ప్రభుత్వముల పని. దొరకిన తేదీ నాటికి నిజముగా నేర్చుకొని పోవుట మన పని.